72 మైళ్ళు 14 అయిన వైనం

మాది సోమేనహళ్ళి. ఈ పేరు చెప్పగానే మన సంఘం పిక్నిక్కుల్లో ఎదుటివాళ్ళ ముఖంలో చిన్న సందేహం కనబడుతుంది. "అయితే మీరు కన్నడం వాళ్ళా?" అని మర్యాదగానే అడుగుతారు. కాదండీ, తెలుగువాళ్ళమే. చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి వైపు ఊళ్ళలో ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, సంతలో ఏది ముందు నోటికొస్తే అది. నేను తెలుగు అక్షరాలు మా తాత దగ్గర నేర్చుకున్నాను. మా ఇంట్లో ఉన్న కైవారం తాతయ్య పదాల పుస్తకం మాత్రం తెలుగు పదాలు కన్నడ లిపిలో అచ్చయినది. మా ఆవిడది తెనాలి. పెళ్ళయిన కొత్తలో నేను "శెనక్కాయలు తినేకి రా" అంటే ఆవిడ వారం రోజులు నవ్వింది. ఇన్నేళ్ళయినా న్యూజెర్సీలో మా ఇంట్లో ఆ నవ్వు ఆగలేదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నాకు నడక కొత్త కాదు అని నేను చాలా కాలంగా గొప్పలు చెప్పుకుంటూ వచ్చాను. మా ఊరికి దగ్గర్లోనే గుడిబండ. పాళెగార్ల కాలం నాటి కోట ఉన్న కొండ అది. రాతిని తొలిచి కట్టిన దొనల్లో వాననీళ్ళు నిలిచి ఉంటాయి. చిన్నప్పుడు సెలవుల్లో చెప్పుల్లేకుండా ఆ కొండ ఎక్కి, దొనలో నీళ్ళు తాగి, మధ్యాహ్నం సంగటి వేళకి ఇంటికి వచ్చేవాళ్ళం. ఆ కొండ ఎక్కిన కాళ్ళు ఇవే గదా అని నా ధీమా. మధ్యలో నలభై అయిదేళ్ళు గడిచాయని, అందులో ముప్ఫై ఏళ్ళు కంప్యూటరు ముందు కుర్చీలో గడిచాయని నేను లెక్కలోకి తీసుకోలేదు.

కిందటి జనవరిలో మా అమ్మాయి ఒక ప్రస్తావన తెచ్చింది. చదువు అయిపోయింది, ఆగస్టులో ఉద్యోగానికి సియాటిల్ వెళ్ళిపోతోంది. "నాన్నా, నేను వెళ్ళేలోపు మనిద్దరం అపలాచియన్ ట్రయిల్ మీద ఒక ముక్క నడుద్దామా? న్యూజెర్సీ ముక్క మొత్తం. వారం చాలు" అంది. మా అమ్మాయి ఇరవై రెండేళ్ళలో నన్ను అడిగినవి చాలానే ఉన్నాయి గాని, నా సమయం కావాలని అడగడం హైస్కూలు తరవాత ఇదే మొదటిసారి. సరే అన్నాను. ఎన్ని మైళ్ళు అని కూడా అడగకుండానే అన్నాను.

ఈ దారి గురించి తెలియని పాఠకుల కోసం రెండు ముక్కలు. జార్జియాలోని స్ప్రింగర్ కొండ నుంచి మెయిన్ రాష్ట్రంలోని కటాడిన్ కొండ దాకా, 14 రాష్ట్రాల మీదుగా, దాదాపు 2,200 మైళ్ళు సాగే కాలిబాట ఇది. బెంటన్ మెకాయ్ అనే ఆయన 1921లో ఈ ఆలోచనని ఒక వ్యాసంగా రాశాడు. స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ళు చెట్లు కొట్టి, గుర్తులు పెట్టి, 1937 నాటికి మొత్తం దారి కలిపారు. 1948లో ఎర్ల్ షేఫర్ అనే మాజీ సైనికుడు ఒక్క విడతలో ఈ చివర నుంచి ఆ చివరకి నడిచాడు. 1955లో ఎమ్మా గేట్‌వుడ్ అనే ఒహైయో ఆవిడ, పదకొండు మంది బిడ్డల తల్లి, 67 ఏళ్ళ వయసులో మామూలు కాన్వాసు బూట్లు వేసుకుని, ఇంట్లో కుట్టుకున్న గుడ్డసంచీ భుజాన వేసుకుని ఒంటరిగా మొత్తం నడిచేసింది. గుడారం బదులు స్నానాల గదిలో వేలాడదీసే ప్లాస్టిక్ తెర పట్టుకెళ్ళిందట. మా అమ్మాయి ఈ కథ చెప్పినప్పుడు నాకు మా అవ్వ గుర్తుకొచ్చింది. ఆవిడ సంగతి తరవాత చెబుతాను.

ఒక్క విడతలో నడవడానికి అయిదారు నెలలు పడుతుంది. అంత వీలు లేనివాళ్ళు ఏడాదికింత చొప్పున ముక్కలు ముక్కలుగా నడుస్తారు. సెక్షన్ హైక్ అంటారు దీన్ని. ఇరవై, ముప్ఫై ఏళ్ళ పాటు ముక్కలు కలుపుకుంటూ పోయేవాళ్ళు కూడా ఉన్నారు. న్యూజెర్సీలో ఈ బాట సుమారు 72 మైళ్ళు. డెలవేర్ నది దగ్గర మొదలై, కిటటిన్ని కొండల వరస మీదుగా ఈ రాష్ట్రంలోకెల్లా ఎత్తైన హై పాయింట్ పక్కనుంచి పోయి, తూర్పుకి తిరిగి న్యూయార్క్ సరిహద్దు చేరుతుంది.

నేను వృత్తిరీత్యా ప్రాజెక్టు ప్లాన్లు వేసేవాడిని. వెంటనే ఒక పట్టిక తయారు చేశాను. 72 మైళ్ళు, ఏడు రోజులు, రోజుకి పది మైళ్ళ పైచిలుకు. గంటకి రెండు మైళ్ళు నడిచినా అయిదు గంటలు. పొద్దున్న ఎనిమిదికి బయలుదేరితే మధ్యాహ్నం ఒంటిగంటకల్లా పని అయిపోతుంది, ఆ తరవాత ఏం చెయ్యాలి, ఒక పుస్తకం పట్టుకెళ్దామా అని ఆలోచించాను. ఆ పట్టిక ఇంకా నా దగ్గరే ఉంది. ఎవరైనా అడిగితే చూపిస్తాను, నవ్వుకోవచ్చు.

తరవాత కొనుగోళ్ళు. అమెరికాలో ఏ పనికైనా ముందు దుకాణానికి వెళ్ళడం మనకి అలవాటైన ఆచారం. గుడారం, నిద్రసంచీ, గ్యాసు పొయ్యి, కర్రలు, లాంతరు. వాటికి తోడు నా సొంత తెలివి కొంత. జీన్సు ప్యాంట్లు రెండు, చిన్న స్టీలు గిన్నెలు మూడు, గాజు సీసాలో ఆవకాయ, దుప్పటి. మా ఆవిడ చూసి "రెండున్నర లీటర్ల కుక్కరు మర్చిపోయారు" అంది. వెటకారమని తెలియక నేను నిజంగానే ఒక్క క్షణం ఆలోచించాను. అన్నీ సర్దిన సంచీని తూకం వేస్తే 38 పౌండ్లు వచ్చింది.

ఏప్రిల్‌లో ఒక శనివారం ఆ బరువుతో పరీక్ష నడకకి వెళ్ళాం. డెలవేర్ వాటర్ గ్యాప్ దగ్గర డన్‌ఫీల్డ్ వాగు పక్క నుంచి సన్‌ఫిష్ పాండ్ అనే చెరువు దాకా. మంచుయుగంలో హిమానీనదం తొలిచిన చెరువు అది. 1960లలో దాన్ని విద్యుత్ ప్రాజెక్టుకి జలాశయంగా మార్చాలని చూస్తే జనం అడ్డుపడ్డారు. 1967లో సుప్రీం కోర్టు న్యాయమూర్తి విలియం డగ్లస్ స్వయంగా వచ్చి వాళ్ళతో కలిసి ఆ చెరువు దాకా నడిచాడు. నాలుగు మైళ్ళ పైన దూరం, వెయ్యి అడుగుల ఎక్కుడు. గుడిబండ ఎక్కినవాడికి ఇదొక లెక్కా?

నాకు చక్కెర వ్యాధి ఉంది, పదకొండేళ్ళుగా మాత్రలు వేసుకుంటున్నాను. ఆ రోజు తొందరలో పొద్దున్న మాత్ర వేసుకుని, ఒక ఇడ్లీతో సరిపెట్టుకున్నాను. మా అమ్మాయి పడుచుది, లేడిలాగ ముందు పోయింది. గంటన్నర అయ్యేసరికి నాకు చెమటలు పట్టాయి. అది ఎక్కుడు వల్లే అనుకున్నాను. తరవాత చేతులు వణకడం మొదలైంది. చెట్టు మీద తెల్లని గుర్తు రెండుగా కనబడింది. అపలాచియన్ దారిలో చెట్ల మీద రెండంగుళాల వెడల్పు, ఆరంగుళాల పొడవు తెల్లని పట్టీలు వేస్తారు. ఒకదాని మీద ఒకటి రెండు పట్టీలుంటే దారి మలుపు తిరుగుతుందని అర్థం. అక్కడ మలుపు లేదు, ఉన్నది ఒక్కటే పట్టీ. నా కళ్ళే తేడా చేస్తున్నాయి. ఒక రాయి మీద కూలబడి, జేబులో ఉన్న వేరుశెనగ చిక్కీ నమిలాను. మా అమ్మాయి నేను రావడం లేదని గమనించి వెనక్కి తిరిగి వచ్చేసరికి చాలాసేపు పట్టింది.

"ఏమైంది నాన్నా?"

"మోకాలు పట్టేసింది."

ఆ మాట నోటి నుంచి ఎంత సులువుగా వచ్చిందో నాకే ఆశ్చర్యం. చెరువు చూడకుండానే వెనక్కి తిరిగాం. నా సంచీ కూడా తనే ముందువైపు తగిలించుకుని, దారిపొడవునా మోకాలికి ఏ వ్యాయామాలు మంచివో చెబుతూ దిగింది. మర్నాడు నాకోసం మోకాలికి తొడుక్కునే పట్టీ కొనుక్కొచ్చింది. నేను అది తొడుక్కుని ఇంట్లో తిరిగాను కూడా.

రెండు వారాలు ఇలా నడిచింది. ఒకరాత్రి చింతామణిలో ఉన్న మా అక్కకి ఫోను చేశాను. పేరుకి హురిహిట్టు ఎలా చెయ్యాలో అడగడానికి. తెలియనివాళ్ళకి, హురిహిట్టు అంటే పేలపిండి. రాగుల్ని తడిపి, ఆరబెట్టి, వేడి ఇసకలోనో బాణలిలోనో పేలాలుగా వేయించి విసిరిన పిండి. వండే పని లేదు. నీళ్ళో మజ్జిగో పోసి, బెల్లమో ఉప్పో కలుపుకుని తాగడమే. అమెరికాలో కొండలెక్కేవాళ్ళు ప్యాకెట్టు పది డాలర్లు పెట్టి కొనే ఎండు భోజనాలకి మా ఊరి జవాబు అది.

అక్క పద్ధతి చెప్పి, "ఇది ఎందుకురా నీకిప్పుడు?" అంది. సంగతి చెప్పాను. దూరాన ఉన్నవాళ్ళకి చెప్పడం తేలిక కాబట్టి ఏప్రిల్ నాటి సంగతి కూడా చెప్పేశాను. అక్క కొంచెంసేపు ఏమీ అనలేదు. తరవాత, "ఆ బిడ్డకి చెప్పకుండా ఎట్ల పోతావురా? అడివిలో నువ్వు పడిపోతే మోకాలని తైలం పూసుకుంటా కూచునేదా అది?" అంది. ఆ పైన, "అవ్వతో కొండకి పోయింది మరిచిపోతివా?" అని అడిగింది.

మరిచిపోలేదు. కాకపోతే గుర్తు పెట్టుకోవలసింది గుర్తు పెట్టుకోలేదు.

నాకు పదకొండేళ్ళప్పుడు, 1979 వేసవిలో, మా అవ్వ ఊళ్ళో జనంతో కలిసి తిరుమలకి కాలినడకన బయలుదేరింది. నన్నూ అక్కనీ వెంట తీసుకెళ్ళింది. చింతామణి, మదనపల్లె, పీలేరు, భాకరాపేట కనుమ దిగి శ్రీనివాసమంగాపురం, అక్కడి నుంచి శ్రీవారి మెట్టు. రెండు వందల కిలోమీటర్లు దాటే దారి. ఎండాకాలం గనుక తెల్లవారుజామున మూడు గంటలకే లేచి నడిచేవాళ్ళం. ఎండ ఎక్కేసరికి చింతతోపో, మర్రిచెట్టో, బడి వరండానో చూసుకుని పడుకోవడం. పొద్దు వాలాక మళ్ళీ నడక. ఒక్కొక్కరి దగ్గర ఒక గుడ్డమూట, చెంబు, అంతే. మూటలో ఒక జత బట్టలు, హురిహిట్టు, బెల్లం, కొంచెం ఊరగాయ. నీళ్ళు మోసినట్టు నాకు గుర్తు లేదు. ఏ ఊళ్ళో బావి మంచిదో, ఏ చెరువు వేసవిలో ఎండిపోతుందో ముందు ఏడు వెళ్ళినవాళ్ళు చెప్పేవాళ్ళు.

ఆ గుంపులో ఒక కట్టుబాటు ఉండేది. అందరికంటే మెల్లగా నడిచేవాళ్ళు ముందు నడవాలి. మొదటిరోజే పడుచువాళ్ళు కొందరు దూసుకుపోతే, గుంపు పెద్దాయన వాళ్ళని కేకేసి ఆపి, "ముసిలోళ్ళని ముందర పెట్టండ్రా, అప్పుడు ఎవురూ తప్పిపోరు" అన్నాడు. అప్పటి నుంచి మా అవ్వ, ఇంకో ఇద్దరు ముసలమ్మలు ముందు. వాళ్ళ వెనక పిల్లలం. అందరికంటే బలమైనవాళ్ళు చివర. రోజుకి ఎంత దూరం అన్నది అవ్వ కాళ్ళే నిర్ణయించాయి. ఎనిమిది రోజుల్లో చేరాలనుకున్నది పదకొండు రోజులు పట్టింది. ఎవరూ సణిగినట్టు గుర్తు లేదు. మెట్టు దగ్గరికి అందరం చేరాం.

నేను న్యూజెర్సీలో చేసినది సరిగ్గా దీనికి తలకిందులు. లేడిపిల్లని ముందు పంపి, చక్కెర వ్యాధివాడు వెనక నడిచాడు. దూరం ముందు నిర్ణయించి, కాళ్ళని తరవాత అడిగాడు.

ప్రయాణం గురించి మన పెద్దలు రాసినది ఏముందా అని అప్పుడే ఏనుగుల వీరాస్వామయ్య గారి కాశీయాత్ర చరిత్ర మళ్ళీ తీశాను. మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మే 18న, అంటే నడివేసవిలో, దాదాపు వంద మంది పరివారంతో కాశీకి బయలుదేరి, తిరుపతి, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదుల మీదుగా వెళ్ళి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరాడు. ఆయనది పల్లకీ ప్రయాణం, బోయీలున్నారు, డేరాలున్నాయి, మనతో పోలిక లేదు. కాని ఆ పుస్తకంలో ప్రతి మజిలీ దగ్గరా ఆయన రాసుకున్నది చూడండి. నీళ్ళు ఎలా ఉన్నాయి, అంగళ్ళున్నాయా, దిగడానికి చోటు ఉందా, ముందున్న దారి రాళ్ళదా, ఇసకదా, అడవిదా. ఇన్ని మైళ్ళు సాధించాను అన్న గొప్ప ఎక్కడా కనబడదు. మజిలీ అంటే దూరాన్ని సమానంగా కోసిన ముక్క కాదు, రాత్రికి నీళ్ళూ నీడా దొరికే చోటు. నా పట్టికలో ఏడు రోజులకి ఏడు సమానమైన గడులున్నాయి గాని, వాటిలో ఒక్కచోట కూడా నీళ్ళ మాట లేదు.

ముందు డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాను. ఆవిడ నా మాత్రలు చూసి, వీటిలో ఒకటి ఒళ్ళు బాగా అలిసిన రోజున చక్కెరని మరీ కిందికి లాగే రకమని చెప్పి, నడిచే రోజులకి మోతాదు ఎలా మార్చాలో రాసిచ్చింది. ఇది నా ఒక్కడి సంగతి. ఇన్సులిన్ గాని, ఇలాంటి మాత్రలు గాని వాడే పాఠకులు తమ డాక్టర్ని అడగకుండా నాలాగ మార్చుకోకూడదు. వణుకు, చెమటలు వచ్చినప్పుడు చిక్కీ తినడం కూడా సరైన పని కాదట. వేరుశెనగలో ఉన్న నూనె వల్ల చక్కెర మెల్లగా ఎక్కుతుంది. గ్లూకోజు బిళ్ళలో, పళ్ళరసమో 15 గ్రాముల చక్కెర లెక్కన తీసుకుని, 15 నిమిషాలాగి మళ్ళీ రక్తం చూసుకోవాలి. తక్కువగానే ఉంటే మళ్ళీ అంతే. కోలుకున్నాక అప్పుడు చిక్కీ తినొచ్చు. పక్కన నడిచేవాళ్ళకి బిళ్ళలు ఏ జేబులో ఉన్నాయో తెలిసి ఉండాలి అంది డాక్టరు. "మీతో ఎవరు వస్తున్నారు?" అని అడిగింది. మా అమ్మాయి అన్నాను. "ఆమెకి తెలుసా?" అంది. నేను గోడ మీద ఉన్న పటం చూశాను.

ఆ రాత్రి భోజనాలయ్యాక చెప్పాను. ముందు దూరం గురించి మొదలుపెట్టాను, ధైర్యం చాలక. మొత్తం 72 నడవలేం, మూడు రోజులు, 14 మైళ్ళు చాలు అన్నాను. మా అమ్మాయి ముఖం మాడిపోయింది. "అది హైక్ కాదు నాన్నా, పిక్నిక్. నేను ఆగస్టులో వెళ్ళిపోతున్నాను. ఇంక ఎప్పుడు నడుస్తాం?" అంది. అప్పుడు మోకాలి పట్టీ తీసుకొచ్చి బల్ల మీద పెట్టి, ఆ రోజు పట్టేసింది మోకాలు కాదని చెప్పాను.

కోప్పడుతుందనుకున్నాను. కోప్పడింది కూడా, కాని నేను అనుకున్న దానికి కాదు. "నేను నిన్ను వదిలేసి ముందు వెళ్ళిపోయాను, ఆ సంగతి నాకు తెలియనివ్వలేదు నువ్వు" అంది. ఏడ్చింది. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి ఇద్దరినీ చూసి, ఏమీ మాట్లాడకుండా ఆ పట్టీ తీసి చెత్తబుట్టలో పడేసింది. అది నలభై డాలర్ల పట్టీ. ఎవరూ తియ్యలేదు.

మర్నాడు మా అమ్మాయే మ్యాపు పరిచి కూర్చుంది. ఇప్పుడు మా పథకం ఇది.

జూన్ మూడో శుక్రవారం పొద్దున్న ఏడింటికి మా ఆవిడ మమ్మల్ని డన్‌ఫీల్డ్ వాగు దగ్గర దింపుతుంది. రాత్రంతా కారు ఎక్కడ వదలాలన్న బెంగ దీంతో తప్పింది. మొదటిరోజు నాలుగు మైళ్ళ పైచిలుకు నడక, సన్‌ఫిష్ పాండ్‌కి కొంచెం ఇవతల నడిచేవాళ్ళ కోసం కేటాయించిన విడిది దాకా. ఆ ప్రభుత్వ అడవిలో రాత్రి గుడారం వేసుకోవడానికి ఈ బాటలో అనుమతి ఉన్న చోటు అదొక్కటే. మధ్యాహ్నానికే చేరతాం. సామాను అక్కడ దించి, ఖాళీ భుజాలతో చెరువు చూసి రావచ్చు. ఏప్రిల్ బాకీ అలా తీరుతుంది. చెరువులో ఈత నిషిద్ధం. మా అమ్మాయి ఇది చదివి నాకంటే ఎక్కువ బాధపడింది.

రెండోరోజు సుమారు ఆరు మైళ్ళు, కొండ అంచు వెంట. అక్కడ మోహికన్ అవుట్‌డోర్ సెంటరని అపలాచియన్ మౌంటెన్ క్లబ్ వాళ్ళు నడిపే బస ఉంది. ముందుగా చోటు రాయించుకున్నాం. మంచాలు, నీళ్ళు, స్నానం ఉంటాయి. "మొదటిసారి వెళ్తూ స్నానం ఏమిటి నాన్నా" అంది గాని, డబ్బు కట్టింది తనే. మూడోరోజు నాలుగు మైళ్ళ లోపు. దారిలో క్యాట్‌ఫిష్ అనే పేరుతో అగ్నిప్రమాదాలు కనిపెట్టే గోపురం ఒకటి ఉంది. అది దాటి దిగితే మిల్‌బ్రుక్ నుంచి బ్లెయర్స్‌టౌన్ వెళ్ళే రోడ్డు. అక్కడితో సరి.

ఇంతే దూరానికి ఎందుకింత ఆలోచన అని మీకు అనిపించవచ్చు. కిటటిన్ని కొండ అంచు అంతా రాళ్ళు. అడుగు ఎక్కడ వెయ్యాలో చూసుకుంటూ నడిస్తే గంటకి మైలున్నర కూడా రాదు. పైగా వరస శిఖరం మీద నడక కాబట్టి వేసవి ముదిరితే చిన్న ఊటలు ఎండిపోతాయి. మ్యాపు మీద నీలిగీత ఉన్నంత మాత్రాన నీళ్ళున్నట్టు కాదు. ఒక్కొక్కరం రెండేసి లీటర్లతో బయలుదేరి, నీళ్ళు దొరికిన ప్రతిచోటా నింపుకోవాలనుకున్నాం. లీటరు నీళ్ళంటే రెండు పౌండ్ల పైన బరువు. అందుకే మిగతా బరువు తగ్గాలి. వాగునీళ్ళు ఎంత తేటగా ఉన్నా వడపోత గొట్టంలోంచి పోనిచ్చే తాగాలి. గుడిబండ దొనల్లో నీళ్ళు తాగినవాడిని, నాకేమవుతుంది అనబోయి ఊరుకున్నాను. ధీమాలు మాట్లాడే హక్కు నాకు ఈ ఏడాదికి పోయింది.

సంచీ మళ్ళీ సర్దితే నీళ్ళు, తిండి కలిపి 23 పౌండ్లకి వచ్చింది. జీన్సు పోయాయి. నూలు బట్ట చెమటకి తడిస్తే ఆరదు, రాత్రి చలి పెడుతుంది, కాళ్ళు ఒరుసుకుంటాయి. వాటి బదులు తేలికగా ఆరే ప్యాంటు, ఉన్ని మేజోళ్ళు రెండు జతలు. స్టీలు గిన్నెలు మూడింటిలో రెండు పోయాయి. గాజు సీసా పోయింది, ఆవకాయ మాత్రం చిన్న ప్లాస్టిక్ డబ్బాలో మిగిలింది. న్యూజెర్సీలో ఈ బాట మీద మంట వెయ్యడం నిషేధం. గ్యాసు పొయ్యి వెలిగించుకోవచ్చు. మొదటిరోజు పులిహోర, తరవాత అంతా హురిహిట్టు, అటుకులు, ఉడకబెట్టిన నీళ్ళు పోస్తే చాలే ఉప్మా పొడి.

ఎలుగుబంట్ల గురించి అందరూ అడుగుతున్నారు. ఈ కొండల్లో నల్ల ఎలుగులు బాగానే ఉన్నాయి. వాటికి మన మీద కంటే మన తిండి మీద ఆసక్తి. రాత్రి తిండి అంతా విడిదిలో ఉండే ఇనప పెట్టెలోనో, ఎలుగు తెరవలేని గట్టి డబ్బాలోనో పెట్టాలి. తిండి అంటే తిండే కాదు, వాసన ఉన్న ప్రతిదీ. టూత్‌పేస్టు, సబ్బు, చివరికి నా అమృతాంజనం కూడా. అమృతాంజనం లేకుండా అడవిలో పడుకోవడం నాకు ఎలుగుబంటి కంటే పెద్ద భయం. మన తిరుమల దారిలోనే 2023లో చిరుత ఒక పసిపిల్లని పొట్టన పెట్టుకున్నాక, నడిచేవాళ్ళకి దేవస్థానం వారు చేతికర్రలిచ్చి గుంపులుగా పంపారు. అడవిదారి ఎక్కడైనా అడవిదారే.

నిజంగా జాగ్రత్త పడవలసింది నువ్వుగింజంత పురుగుకి. మా కొట్టంలో ఎద్దుల చెవుల వెనక అవ్వ ఏరేసిన పిడుదుల జాతి. ఇక్కడి జింకపిడుదులు లైమ్ జబ్బు అంటిస్తాయి. వాటి పిల్లలు తిరిగే కాలం సరిగ్గా మే నుంచి జూలై. ప్యాంటు అంచులు మేజోళ్ళలోకి దోపుకోవాలి, బట్టలకి పెర్మెత్రిన్ మందు ముందే పట్టించి ఆరబెట్టుకోవాలి, సాయంత్రం మోకాళ్ళ వెనక, చంకల్లో, జుట్టులో వెతుక్కోవాలి. కరిచి ఉంటే సన్నని పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిదానంగా పైకి లాగాలి. కాల్చడం, నూనె పొయ్యడం వంటి పెదనాన్నల వైద్యాలు పనికిరావు.

ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించాం. ఏ రాత్రి ఎక్కడ ఉంటామో, ఎన్నింటికి ఏ రోడ్డు దగ్గర తేలతామో, తేలకపోతే ఎవరికి ఫోను చెయ్యాలో మా ఆవిడకి తెలియాలి గదా. కొండల్లో ఫోను కొన్నిచోట్ల పలుకుతుంది, కొన్నిచోట్ల పలకదు. ఆ కాగితం మీద మా అమ్మాయి అడుగున ఒక లెక్క వేసింది. 72 లోంచి 14 పోతే 58. వేసవికి 14 చొప్పున నాలుగు వేసవులు, పైన ఒక పూట. పక్కన సియాటిల్ నుంచి నూవర్క్‌కి విమానం టిక్కెట్టు ధర రాసి, దాని ఎదురుగా "నాన్న ఇస్తాడు" అని రాసింది. నేను కొట్టెయ్యలేదు.

గ్లూకోజు బిళ్ళలు నా సంచీ ఎడమ పట్టీ జేబులో ఒక డబ్బా, తన జేబులో ఒక డబ్బా. రెండు వారాలుగా సాయంత్రాలు సంచీలు తగిలించుకుని మా వీధి చివరి గుట్ట ఎక్కి దిగుతున్నాం. నేను ముందు, తను వెనక. మొదటిరోజు నా మడమలు తొక్కింది రెండుసార్లు. ఇప్పుడు అలవాటు పడింది. వెనక నుంచి అవ్వ సంగతులు అడుగుతుంది. పదకొండు రోజుల్లో ఎక్కడెక్కడ పడుకున్నారు, పాములు రాలేదా, ఏం పాడుకునేవాళ్ళు అని. నాకు గుర్తున్నంతలో చెబుతాను. గుర్తు లేనిది మా అక్కని అడిగి మర్నాడు చెబుతాను.

అక్క పంపిన కొలతలతో హురిహిట్టు రెండు వాయిలు చేశాను. మొదటిది మాడింది. రెండోది మా ఆవిడ కూడా బాగుందంది, తెనాలి వాళ్ళ దగ్గర అది చిన్న మెప్పు కాదు. మూడోరోజు మధ్యాహ్నం రెండింటికి మిల్‌బ్రుక్ రోడ్డు దగ్గర పెరుగన్నంతో కారులో ఉంటానని చెప్పింది. రెండున్నర దాటితే పెరుగు పులుస్తుందట, తనకి సంబంధం లేదట.